డాక్టర్ పట్టాభి: ఎక్కిన పదవులు, కట్టిన సంస్థలు

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేది 1939 నాటి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక. సుభాష్ చంద్ర బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377. ఆ ఓటమి తనదేనని గాంధీజీ ప్రకటించాక పట్టాభి చాలామంది దృష్టిలో గాంధీ నీడగానే మిగిలిపోయారు. ఆయన్ని తూచడానికి ఆ తక్కెడ పనికిరాదని నా వాదన. ఎక్కిన పదవుల్లో కాదు, కట్టిన సంస్థల్లో ఆయన రాజకీయం ఉంది. దాని వేళ్లు ఆయన వైద్యవృత్తిదాకా పోతాయి.

1880లో గుండుగొలనులో పుట్టిన పట్టాభి మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. రోగం పేదరికంలోంచి పుడుతున్నప్పుడు మందుచీటీ ఎంతవరకు పనిచేస్తుందో ఊరి డాక్టరుకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలతో డెల్టాల్లో పంట పెరిగింది. అయితే కుప్ప నూర్చేవేళకే శిస్తూ, షావుకారి నోటు గడువూ కలిసి మీదపడితే, ధర పడిపోయిన రోజునే ధాన్యం అమ్ముకోక తప్పేది కాదు. పంట పండినా అప్పు తీరని ఈ జబ్బు మన కోనసీమకూ కొత్తది కాదు. 1910లో మిత్రులతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిన పట్టాభి, ప్రాక్టీసు వదిలి ప్రజాజీవితంలోకి వచ్చాక పరపతి వైపు నడిచారు. 1923లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీ వెలిశాయి. చదువు, అప్పు, బీమా: ఇంటిపెద్ద మంచానపడితే ఆ ఇల్లు ఏమవుతుందో చూసిన మనిషి ఎంచుకున్న వరుసలాగే ఉంది ఇది.

భూమి ఉన్నవాడికే కదా బ్యాంకు, కౌలుదారుకూ పాలేరుకూ ఒరిగిందేమిటని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తాకట్టుకు పట్టా లేనివాడు గడప బయటే ఆగాడు. అయినా షావుకారి ఇనప్పెట్టెను ఎవరూ నిలదీయలేరు, బ్యాంకును నిలదీయవచ్చు. 1980లో ఆంధ్రా బ్యాంకును జాతీయం చేశాక ఎవరికి అప్పివ్వాలన్నది ప్రజల ముందు తేలవలసిన విధానమైంది. సంస్థంటూ ఉంటేనే దాన్ని సరిదిద్దమని అడిగే వీలు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. కాంగ్రెసులో ఆంధ్రకు ప్రత్యేక శాఖ కోసం పోరాడిన ఈయనే, 1948లో అధ్యక్షుడయ్యాక, నెహ్రూ, పటేల్‌లతో కూడిన జె.వి.పి. కమిటీ నివేదికలో భాషా రాష్ట్రాలను వాయిదా వేయమన్నారు. మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్రకు మినహాయింపు ఇవ్వవచ్చన్న మాట అందులో ఉన్నా చాలామంది ఆంధ్రులకు అది చేదుగానే తోచింది. అప్పుడు కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శుల్లో ఒకరు మన కోనసీమ కళా వెంకటరావు. పదవులు మనవాళ్ల చేతుల్లోనే ఉన్నా రాష్ట్రం 1953 దాకా రాలేదు. ఈ తప్పును నేను కప్పిపుచ్చను. నా వాదనకు ఇదే సాక్ష్యం: పదవిలో ఉన్న పట్టాభి పార్టీ మాటకు కట్టుబడ్డారు, సంస్థలు కట్టిన పట్టాభి తన బుద్ధికి కట్టుబడ్డారు.

2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి బోర్డు మారింది. లోపల రైతు ఖాతా నడుస్తూనే ఉంది. వైద్యం వదిలి రాజకీయాల్లోకి వచ్చేవారు ఈనాడూ ఉన్నారు. వారిని ఎన్ని ఓట్లు వచ్చాయని కాక, మీరు దిగిపోయాక కూడా నడిచేది ఏం కట్టారని అడగడం పట్టాభి జీవితం నుంచి మనం నేర్చుకోదగిన పద్ధతి.