శీతకాలపు మేఘములు - దీర్ఘకాలపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పత్తి ఏరుచుండగనో, వడ్లు కల్లమున ఆరబోసియుండగనో, కార్తీక మాసమున హఠాత్తుగా వాన పడిన కష్టమెట్టిదో ఇబ్రహీంపూర్ రైతులకు నేను చెప్పనక్కరలేదు. "ఎన్నడును లేని వాన" యని మనమందుము. నిజముగా ఎన్నడును లేనిదేనా? దీనికి బదులు చెప్పుటకు జ్ఞాపకము చాలదు, లెక్క కావలెను.

ఉష్ణమండలపు ఆకాశమునకు ఒక ఊపు కలదు. హిందూ మహాసముద్రముపై దట్టమైన మేఘసమూహము ఏర్పడి, భూమధ్యరేఖ వెంట సెకనుకు సుమారు 5 మీటర్ల వేగమున తూర్పునకు సాగి పసిఫిక్ సముద్రమును చేరును. దాని వెనుక మేఘములు పలుచనైన పొడి భాగము వచ్చును. 30 మొదలు 60 దినములలో ఈ చక్రము మరల మొదలగును. దీనినే మాడెన్-జూలియన్ డోలనమందురు. శీతకాలమున భూమధ్యరేఖ వెంట ఇది మిక్కిలి బలముగా నుండును. మేఘసమూహము హిందూ మహాసముద్రముపై నున్న దినములలో బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుటకు అనువు హెచ్చును. అయితే ప్రతి వానకును ఇదియే కారణమని తలంపరాదు.

దీనిని కనుగొన్న తీరు మనము గమనింపదగినది. పసిఫిక్ నడుమ కాంటన్ అను చిన్న దీవి కలదు. అచ్చట సుమారు పదేండ్లపాటు విడువక వ్రాసియుంచిన గాలి లెక్కలను రోలాండ్ మాడెన్, పాల్ జూలియన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పరిశీలించి, 1971లో ఈ డోలనమును లోకమునకు వెల్లడించిరి. దీవి చిన్నది, లెక్క పెద్దది!

ఈ ఊపు ఎల్లకాలము ఒక్క తీరున నుండదు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 1981 నుండి 2018 వరకు గల లెక్కలను, నవంబరు మొదలు ఏప్రిల్ వరకుగల మాసములకు, పరిశీలించి 2019లో ప్రకటించిరి. హిందూ మహాసముద్రముపై సగటున 19 దినములు నిలిచెడి మేఘసమూహము 15 దినములే నిలుచుచున్నది. ఇండోనీషియా, పశ్చిమ పసిఫిక్ ప్రాంతములపై 18 దినముల నిలుకడ 23 దినములైనది. భూతాపము హెచ్చి అచ్చటి వెచ్చని జలరాశి విస్తీర్ణము దాదాపు రెట్టింపగుటయే ఇందులకు కారణము. ఫలితముగా ఉత్తర ఆస్ట్రేలియాలో వానలు పెరిగినవి. ఉత్తర భారతమున, తూర్పు ఆఫ్రికాలో తగ్గినవి.

నలువది ఏండ్ల లెక్క లేనిచో ఈ మూడు నాలుగు దినముల మార్పు ఎవ్వరికిని కానరాకుండెడిది. కాని ఖండములకు వేసిన లెక్క గ్రామమునకు చాలదు. సిద్దిపేటలో కురిసిన వాన మన చేలలో కురియకపోవచ్చును. మన యూరి సంగతి మనమే వ్రాసికొనవలెను.

కనుక నా విన్నపమొక్కటే. ఈ గ్రంథాలయపు ఆవరణలో ఒక వర్షమాపకము నిలుపుడు. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు చూచి, ఒక పుస్తకమున వ్రాయుడు. వాన లేని దినమున సున్న వ్రాయుడు; ఆ సున్నయు విలువైనదే. ఇంకుడు గుంతలు త్రవ్వి నీటిని నిలుపుట నేర్చిన ఊరు, నీటి లెక్కను నిలుపుట నేర్వలేదా?

నేడు ఒక బాలుడు మొదలిడిన పుస్తకము స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలోని గ్రంథములన్నిటిలో మన రైతునకు మిక్కిలి పనికివచ్చునది కాగలదు. అది మరియే ఊరను దొరకని గ్రంథము. దానిని వ్రాయవలసినవారు మీరే.