రోగమునకు జాతి లేదు



1898లో బెంగుళూరును పట్టిన ప్లేగు, 1900లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలోను పొడసూపెను. మార్చిలో అచ్చటి అధికారులు చీనాపేట చుట్టును త్రాళ్లు కట్టి, తెల్లవారిని వెడలనిచ్చి, చీనావారిని నిర్బంధించిరి. మే నెలాఖరున మరల దిగ్బంధించి, అంచుననున్న తెల్లవారి యిండ్లను మాత్రము విడిచిరి. జూ హో అను చీనా వర్తకుడు న్యాయస్థానమున కెక్కగా, జూన్‌లో ఆ యుత్తరువు పక్షపాతమని కొట్టివేయబడెను.

ఎలుకల మీది పురుగులే ప్లేగును వ్యాపింపజేయునని సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లోనే కరాచీలో ప్రయోగముచే చూపియుండెను. ఎలుకకు జాతిభేదము తెలియదు.

మన బంగారు గనులలోను దొరలకు బంగళాలు, తెలుగు తమిళ కూలీలకు ఇరుకు లైన్లు. ఇరుకు గుడిసెలో ఎలుక చేరుట కాపురమున్నవాని కులదోషము కాదు, కట్టించినవాని లోభదోషము.

2020లో కరోనా వచ్చినపుడు, చీనావారి పోలిక గలదని మన ఈశాన్య రాష్ట్రములవారిని మన నగరములలోనే కొందరు అవమానించిరి. 2001లో గనులు మూతబడినను లైన్లలో మనవా రింకను కాపురమున్నారు. రేపు ఏ జ్వరము వచ్చినను, ఏ వీధివారు, ఏ భాషవారు అని అడుగక, మురుగు కాలువను, మంచినీటిని మొదట చూతము. పరభాషా ప్రాంతమున తరతరములుగా బ్రతుకుచున్న మనకు ఈ వివేకము మిక్కిలి యవసరము.