కొండమీది వాన, కుండలోని నీరు

వాన కురవని చోటనే నీటికరవు ఉంటుందని మనము సాధారణంగా తలుస్తాము. ఆ మాట సగమే సత్యం. సమృద్ధిగా వాన కురిసి కూడా గుక్కెడు మంచినీటికై వెదకవలసిన ప్రదేశాలు లేకపోలేదు. కురిసిన నీరు నిలిచే తావు లేకపోవడమే అందుకు హేతువు. ఈ సంగతిని బోధించే రెండు సీమలను నేడు పరిశీలిద్దాము. ఒకటి కడలి నడుమనున్న సింగపూరు. రెండవది తూర్పుకనుమలలో, అరకులోయ చెంతనున్న మన డుంబ్రిగుడ.

సింగపూరు వైశాల్యం ఇంచుమించు 730 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న దేశంలో దాదాపు 60 లక్షల జనం నివసిస్తున్నారు. అక్కడ ఏటా సగటున 2,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినను పెద్ద నదులు లేవు, భూగర్భజలం చాలదు. అందుచేత 1962లో కుదిరిన ఒడంబడిక ననుసరించి పొరుగున ఉన్న జొహోరు నుండి నేటికీ నీరు కొంటున్నారు. ఆ గడువు 2061తో తీరిపోతుంది. పరుల నీటిపై కలకాలం ఆధారపడరాదని గ్రహించి వారు 17 జలాశయాలు ఏర్పరచుకొన్నారు. వీధులలోను, మేడల మీదను పడిన వాన కాలువల వెంట వాటిని చేరుతుంది. 2008లో మెరీనా ముఖద్వారాన అడ్డుకట్ట కట్టి, ఉప్పునీటిని వెలుపల నిలిపి, నగరం నడిబొడ్డుననే మంచినీటి సరస్సును సాధించారు. 2003 నుండి, వాడిన నీటిని సైతం శుద్ధిచేసి తిరిగి వినియోగిస్తున్నారు. నేడు ఆ దేశపు నేలలో మూడింట రెండు వంతులు వాననీటిని జలాశయాలకు అందిస్తున్నది.

ఇక మన కొండలకు వత్తాము. ఇచ్చట కూడా ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. అందులో అధికభాగం నాలుగైదు మాసాలలోనే కురిసి, వాలు వెంట గెడ్డలలో దిగి, పల్లానికి పరుగిడుతుంది. డుంబ్రిగుడ చెంత చాపరాయి బండలపై ఉరకలువేసే నీటిని చూచినవారికి ఈ సీమలో నీటికొరత ఉన్నదంటే నమ్మశక్యం కాదు. కాని వేసవి ముదిరేసరికి గెడ్డలు సన్నగిల్లుతవి. గట్టు మీది గూడేలలో ఆడవారు దూరపు ఊటలకు నడచిపోయి, చెలమలలో ఊరిన నీరు తోడుకొని బిందెలతో కొండ ఎక్కవలసివస్తున్నది.

ఈ కొండల నీటితో జలాశయాలు లేవా అంటే, ఉన్నవి. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది బొర్రాగుహల మీదుగా దిగి, 1960వ దశకంలో నిర్మించిన తాటిపూడి జలాశయంలో నిలిచి, విశాఖపట్నపు దాహం తీర్చుటకు తోడ్పడుతున్నది. పడమట మాచ్‌ఖండ్ నదిపై జలాపుట్టు ఆనకట్ట సుమారు 34 టి.ఎం.సి.ల నీటిని, అనగా 3,400 కోట్ల ఘనపుటడుగులను నిలుపగలదు. 1955లో ప్రారంభమైన ఆ జలవిద్యుత్ కేంద్రం మైదానాలకు వెలుగు నిచ్చింది. ఆ నీటి క్రింద గిరిజనుల పల్లెలు పెక్కు మునిగినవి. వేలాది జనం తమ ఊళ్ళు విడిచారు. పల్లపు నగరానికి కుళాయి, దూరపు ఊరికి దీపం సమకూర్చిన కొండలలోనే బిందెల బరువు తీరకపోవడం న్యాయం కాదు.

అట్లని ప్రతి కొండపై ఆనకట్ట కట్టవలెనని మన భావం కాదు. కొండపల్లెకు కావలసిన జలాశయం చాలా చిన్నది. ఒక లెక్క చూడండి. పది సెకనులకు ఒక లీటరు చొప్పున కారే సన్నని ఊట ఉన్నదనుకొందాము. అది నిమిషానికి 6 లీటర్లు, గంటకు 360 లీటర్లు, రోజుకు 8,640 లీటర్లు ఇస్తుంది. 2019లో ఆరంభమైన జలజీవన్ పథకం మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు నిర్దేశించింది. ఆ లెక్కన ఈ ఒక్క ఊట 157 మందికి చాలుతుంది. మరి కొరత ఎందుకు? పల్లె నిద్రించే వేళ కూడా ఊట పారుతూనే ఉంటుంది. ఆ నీరంతా వృథాగా పోతున్నది. తెల్లవారి అందరూ ఒక్కసారి బిందెలతో చేరినపుడు ధార చాలదు. ఊట చుట్టూ చిన్న తొట్టి కట్టి, పైన మూత వేసి, అక్కడి నుండి గొట్టం ద్వారా పల్లెకు ఎగువన ఉన్న నిలువతొట్టికి నీటిని దింపినచో రాత్రినీరు ఉదయానికి దక్కుతుంది. ఊట పల్లె కంటె ఎత్తున ఉన్నచో యంత్రం అక్కరలేదు, విద్యుచ్ఛక్తి అక్కరలేదు. కొండవాలే నీటిని దింపుతుంది.

అయితే తొట్టి రాత్రినీటిని ఉదయానికి దాచగలదే గాని, శ్రావణపు నీటిని వైశాఖానికి దాచజాలదు. ఆ పని కొండ చేయాలి. అడవి నీడన మెత్తబడిన నేలలో వాన మెల్లగా ఇంకి, రాతి పగుళ్ళలో నిలిచి, మాసాల తరువాత ఊటగా వెలువడుతుంది. ఎగువన చెట్లు నరికి నేలను బోడిచేస్తే, వాన మట్టిని కోసుకొని ఒక్క పూటలో దిగిపోతుంది. వేసవికి ఊట ఎండిపోతుంది. కనుక ఊటకు ఎగువనున్న వాలును పోడుకొట్టకుండ, పశువులు తొక్కకుండ కాపాడుకోవాలి. వాలుకు అడ్డంగా చిన్న కందకాలు త్రవ్వి వానకు అడుగడుగున ఆటంకం కల్పించాలి. తొట్టిని ఏటా కడిగి, నీటిలో క్లోరిన్ కలిపించాలి.

ఏ కొండకు ఎన్ని ఊటలున్నవి, ఏది వేసవిలో నిలుస్తుంది అన్న సంగతి అచ్చటి పెద్దలకు, నీరు మోసే స్త్రీలకు తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదు. ఇంజనీరు వారిని ముందుగా అడిగి, ఆపైన గొట్టం వేయడం ఉత్తమం. గొట్టం వేసినవారు, విరిగిననాడు బాగుచేయుటకు పల్లెలోనే ఒకరిద్దరికి పని నేర్పిపోవాలి. సింగపూరు ప్రజలు తమ దేశాన్నే జలాశయంగా మలచుకొన్నారు. మన కొండలు పుట్టుకతోనే జలాశయాలు. వాటిని చెడనీయక, వాటి నీటిలో తొలివాటా వాటి మీద బ్రతికే వారికి దక్కేటట్లు చూడడమే మన కర్తవ్యం.