వీధిలో లారీ, ఊరి కళ్ళం

(చిట్టమూరులో రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడుకోవాల్సిన విషయాల్లో గిట్టుబాటు ధర ఉంది, కాలువ నీళ్ళు ఉన్నాయి, చివర్న 'వీధుల్లో లారీలు' అని కూడా రాశారు. అది చదివి ఇందాక కొందరు నవ్వారు. అది పట్నం వాళ్ళ గొడవ, రైతు సంఘానికి ఏం పని అన్నారు. గట్టు తగువులు మనం చూశాం, తూము తగువులు చూశాం. ఇప్పుడు ఇంటిముందు లారీ తగువు కూడా వాటి సరసన చేరింది. పైగా ఆ లారీలో ఉన్నవి మన వడ్లే, మన రొయ్యలే. మన గడ్డే. కాబట్టి మనమే మాట్లాడాలి.

ముందు కొలతలు చూద్దాం. గ్రామీణ సడక్ యోజన కింద వేసిన రోడ్డు మామూలుగా 3.75 మీటర్ల వెడల్పు. లారీ 2.6 మీటర్ల దాకా ఉండొచ్చని మోటారు వాహనాల నిబంధన చెబుతోంది. తీసేస్తే మిగిలేది 1.15 మీటర్లు, నాలుగు అడుగులు కూడా కాదు. మోటార్ సైకిల్ పోతుంది. ట్రాక్టరు పోదు, 108 అంబులెన్సు అసలే పోదు. ఇక ఊరి లోపల సిమెంటు రోడ్లు చాలాచోట్ల దీనికంటే ఇరుకు. పది టైర్ల లారీకి సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా అనుమతి ఉంది. అది మలుపు తిప్పుకోలేక మురుగుకాలువ మీది పలక ఎక్కితే పలక విరుగుతుంది, దాని పక్కన కుళాయి పైపు ఉంటే అదీ పగులుతుంది. గడ్డి లారీ సంగతి మీకు తెలిసిందే. పైన కరెంటు తీగ, కింద ఎండు గడ్డి. అలాంటి బండి ఇళ్ళ మధ్య రాత్రంతా ఉంటే ఆ వీధిలో ఎవరికి నిద్ర పడుతుంది?

అయితే లారీ యజమాని మాట కూడా వినాలి. మన ఊళ్ళలో లారీ యజమాని అంటే ఎక్కడో ఉండే ఆసామి కాదు. చాలాసార్లు మన రైతు కొడుకే. సేద్యంలో మిగల్లేదని ఫైనాన్సు మీద బండి కొనుక్కున్నాడు. ఊరిబయట చీకట్లో పెడితే డీజిలు తీస్తారు, బ్యాటరీ ఎత్తుకుపోతారు. టైరు పోతే ఆ నెల వాయిదా కట్టలేడు. అందుకని కంటిముందు, ఇంటిముందు పెట్టుకుంటాడు. బయటి ఊరి నుంచి వచ్చిన డ్రైవరుకైతే పడుకోను చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. వడ్ల తేమ 17 శాతం దాటిందని ఒకరు, మిల్లు దగ్గర దిగుమతి కాలేదని ఒకరు, హమాలీలు రాలేదని ఒకరు చెబుతారు. పొద్దున వచ్చిన బండి రెండు రాత్రులు వీధిలోనే ఉండిపోతుంది. రొయ్యల గుంతల దగ్గరకు వచ్చే మేత లారీలు, ఐసు బండ్లు అర్ధరాత్రి దాటాకే కదులుతాయి. పట్టుబడి వేళను రొయ్య నిర్ణయిస్తుంది, మనం కాదు.

అందుకని నేనొక తేడా చూడమంటున్నాను. పని మీద వచ్చిన బండి వేరు, పడుకోను వచ్చిన బండి వేరు. ఎత్తుడు ఉన్నంతసేపు వీధిలో లారీ నిలబడాల్సిందే. మన 20 పుట్ల వడ్లు ఊరిబయటి దాకా నెత్తిన మోసుకుపోలేం. ఎత్తుడు అయిపోయాక, లేదా ఎత్తుడు రేపటికి వాయిదా పడ్డాక, ఆ బండికి వీధిలో పని లేదు. మొదటిదాని మీద ఎవరూ గొడవ పెట్టుకోకూడదు. రెండోదాన్ని ఎవరూ సమర్థించకూడదు. తగువు ముదిరిన ప్రతిచోటా ఈ రెంటినీ కలిపి మాట్లాడటం కనిపిస్తుంది.

మరి ఆ పడుకునే బండి ఎక్కడికి పోవాలి? అసలు కథ ఇక్కడుంది. మన పెద్దల కాలంలో కోత కోస్తే కట్టలు వీధిలోకి రాలేదు, కళ్ళానికి పోయాయి. నూర్పిడి అక్కడే, తూర్పారబట్టడం అక్కడే, కొలత అక్కడే. బండ్లు అక్కడే ఆగేవి. నెల్లూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల నుంచీ రెవెన్యూ లెక్కల్లో కళ్ళం పోరంబోకు, బండిబాట పోరంబోకు అని వేరే వేరే పద్దులు ఉన్నాయి. యంత్రం వచ్చింది. చైను హార్వెస్టరు చేలోనే నూర్చి ఇస్తోంది. ఇక కళ్ళంతో పనేముందిలే అనుకున్నాం. ఖాళీగా కనిపించిన జాగాలో ఒకరు గడ్డివామి వేశారు, ఒకరు పాక వేశారు, పాక కాస్తా గోడ అయింది. కళ్ళం పోయింది. కళ్ళానికి పోవాల్సిన వడ్లు తారురోడ్డు మీదకు వచ్చాయి, కళ్ళం దగ్గర ఆగాల్సిన బండి ఇంటిముందుకు వచ్చింది. 'మీరు రోడ్డు మీద వడ్లు ఆరబోయట్లేదా, నా లారీనే కనబడిందా' అని బండి యజమాని అడుగుతున్నాడంటే, ఆ ప్రశ్నకు జవాబు కూడా కళ్ళమే.

చట్టం ఏం చెబుతోందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే సగం తెలిసి బెదిరించుకోవడం ఎక్కువైంది. 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండిని బహిరంగ స్థలంలో వదలకూడదు. 127వ సెక్షను కింద పది గంటలు, ఆపైన ఎవరూ లేకుండా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు, ఖర్చు యజమానిదే. రాకపోకలకు అడ్డంగా పెడితే 201వ సెక్షను కింద 500 రూపాయల దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షనులో దారికి అడ్డం కలిగించినందుకు 5,000 దాకా జరిమానా ఉంది. ఇది పాత ఐపీసీలో 200 రూపాయలే. అడ్డంకిని తొలగించమని ఆదేశించే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన ఆర్డీవోకు ఉంది. కానీ ఇవేవీ మీకు టైరులో గాలి తీసే హక్కు ఇవ్వవు. అద్దం పగలగొట్టే హక్కు అసలే ఇవ్వవు. గాలి తీసిన మరుక్షణం బాధితుడు నిందితుడవుతాడు. ఆపైన అది బండి తగువుగా మిగలదు, కులం తగువో పార్టీ తగువో అవుతుంది. రెండు కుటుంబాలు పెళ్ళికి, చావుకు పోవడం మానేస్తాయి.

500 రూపాయల జరిమానాతో మాత్రం లారీ మాయం కాదు. పక్క వీధికి పోతుంది, అంతే. చోటు చూపించకుండా పొమ్మంటే ఏ బండీ పోదు. విజయవాడలో 1960లలో నగరం వీధుల్లో ఉన్న లారీ షెడ్లకు ఊరి చివర ఆటోనగర్ అని వేరే జాగా ఏర్పడింది కాబట్టే అవి కదిలాయి. మన నెల్లూరులోనూ ఆటోనగర్ ఉంది. అంత పెద్దది మనకు అక్కర్లేదు. నాలుగైదు లారీలు నిలిచి తిరిగే జాగా, ఒక దీపస్తంభం, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, కాపలాకు ఒక మనిషి చాలు.

ఆ జాగా పెట్టే అధికారం పంచాయతీకి ఉంది. పంచాయతీరాజ్ చట్టంలో బండ్ల స్టాండు ఏర్పాటు చేసి రుసుము తీసుకోవచ్చని ఉంది. ఎడ్లబండ్ల నాటి మాటే, కానీ మోటారు బండ్లకూ వర్తిస్తుంది. ఆ రుసుముతోనే కాపలా మనిషి జీతం వెళ్ళాలి. బ్యాటరీ పోదని నమ్మకం కుదిరితే ఇంటిముందు పెట్టుకోమన్నా ఎవరూ పెట్టరు.

ఆక్రమణల సంగతికి వస్తే, 2011 జనవరి 28న జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువు జాగా మీద వచ్చిన కేసు అది. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి ఊరికి అప్పగించేందుకు పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టమూ తహసీల్దారు చేతిలో ఉంది. అయితే నా అభిప్రాయం ఒకటి. ఇల్లు లేక గుడిసె వేసుకున్న పేదతో మొదలుపెట్టే పని ఇది కాదు. జాగాను చుట్టి కంచె వేసుకున్న పెద్ద చేతుల దగ్గర మొదలుపెట్టాలి. అలా చేయకపోతే సంఘం మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా.

కాబట్టి ఈ నెలలో ప్రతి గ్రామ కమిటీ చేయాల్సిన పని చెబుతాను. మీ ఊరి కళ్ళం పోరంబోకు, బండిబాట సర్వే నంబర్లు ఏవో, విస్తీర్ణం ఎంతో పాత రిజిస్టరులో, గ్రామ పటంలో చూసి రాయండి. ఇప్పుడు అక్కడ ఏముందో పక్కనే రాయండి. గ్రామసభలో స్టాండు, ఆరబోత కళ్ళం కోసం ఒకే తీర్మానం పెట్టండి. సంతకాల్లో లారీ యజమానులవీ ఉండాలి. వాళ్ళను పిలవకుండా చేసిన తీర్మానం కాగితం మీదే ఉంటుంది. జాగా వచ్చేదాకా ఊరి ఒప్పందం ఒకటి రాసుకోండి. ఎత్తుడు లేని బండి చీకటి పడ్డాక ఇళ్ళ మధ్య ఉండదు, బడి ముందు ఎప్పుడూ ఉండదు. అద్దం మీద ఫోను నంబరు పెద్దక్షరాలతో ఉంటుంది, పిలిస్తే మనిషి వచ్చి బండి తీస్తాడు. వడ్లు అమ్మిన రైతు కూడా దళారితో మాట్లాడుకునేటప్పుడే అడగాలి: హమాలీలు ఎప్పుడొస్తారు, బండి ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది.

సర్వే నంబర్ల జాబితాలు ఎడగారు కోతలు మొదలయ్యేలోగా మండల కార్యదర్శికి అందాలి. అన్నీ కలిపి తహసీల్దారుకు ఒకేసారి ఇద్దాం.