గేటు పక్కన నల్లబల్ల

(స్వర్ణోత్సవ సభలో ప్రాథమిక విభాగం గురించి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ బడిలో ఒకటి నుంచి ఐదు దాకా చదువుకున్నాను. తర్వాత ఇక్కడే ఇరవై ఏళ్లకు పైగా చిన్న క్లాసులకు పాఠాలు చెప్పాను. హైస్కూలు గురించి, ర్యాంకుల గురించి, విదేశాలకు వెళ్లినవాళ్ల గురించి మాట్లాడటానికి చాలామంది ఉన్నారు, నువ్వు చిన్నపిల్లల బడి గురించి చెప్పమ్మా అని కమిటీ వాళ్లు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అందుకు కృతజ్ఞతలు.

మన ఊరు పట్నమైంది బొగ్గు వల్ల, రైలు వల్ల. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయింది. ఈ దారిన బొగ్గు బయటికి పోయింది, మనుషులు లోపలికి వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి, ఉత్తరాది నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి బాయి పని కోసం వచ్చారు. కేరళ నుంచి ఫాదర్లు, సిస్టర్లు కూడా వచ్చారు. మన ఆదిలాబాద్ జిల్లా అప్పట్లో చాందా మేత్రాసనంలో భాగం. 1999లోనే విడిగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. అంటే మన తల్లిదండ్రులకు ఈ ఊరు ఎంత కొత్తో, సిస్టర్లకూ అంతే కొత్త. వాళ్లకు తెలుగు రాదు. మాకు తెలుగు తప్ప ఇంకేం రాదు.

గేటు పక్కన ఉండే నల్లబల్ల అక్కడే మొదలైంది. తెలుగు నేర్చుకుంటున్న మా సిస్టర్ రోజూ ప్రార్థన కాగానే "ఏమి విశేషం?" అని అడిగేవారు. పుస్తకంలో నేర్చుకున్న మాట. మేము నవ్వేవాళ్లం, తర్వాత చెప్పేవాళ్లం. "మా అక్కకు కొడుకు పుట్టిండు సిస్టర్." "మా బర్రె ఈనింది సిస్టర్." "మా లైన్ల రెండు రోజులసంది నల్లా వస్తలేదు." "మా నాయినకు సెకండ్ షిఫ్ట్ పడ్డది." అందులో మూడు వార్తలు ఎంచి, ఐదో తరగతి పిల్లలతో బల్ల మీద రాయించేవారు. పొద్దున పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు, చదవడం రానివాళ్లు కూడా, పిల్లలతో చదివించుకుని పోయేవాళ్లు.

ఆ బల్లకు రెండు నియమాలు ఉండేవి. మూడు వార్తల్లో ఒకటి ఎప్పుడూ నోరు విప్పని పిల్లల దగ్గరి నుంచి రావాలి. చెవిలో చెప్పిన మాట మాత్రం బల్ల మీదికి రాకూడదు. "నాయిన రాత్రి తాగొచ్చి అమ్మను కొట్టిండు" అని ఒక పిల్ల చెవిలో చెబితే అది బల్ల మీద కనబడేది కాదు. సాయంత్రం ఆ క్వార్టర్ ముందు సిస్టర్ కనబడేవారు.

నేను టీచర్‌గా చేరాక ఇంకో సంగతి తెలిసింది. హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కన పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు ఉండేవి. మార్కులనుకున్నాను. కాదు, ఆ వారం ఆ పిల్లల తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో ఆ అంకె. బొగ్గుబాయి ఊళ్లో పుట్టినవాళ్లకు దీని అర్థం చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా రెండో షిఫ్టు. ఆ వారమంతా పిల్లవాడు బడికి బయల్దేరేటప్పటికి తండ్రి నిద్రలో ఉంటాడు, తండ్రి ఇల్లు చేరేటప్పటికి పిల్లవాడు నిద్రలో ఉంటాడు. అందుకే ఆ పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి ఆదివారం దాకా గడువు. మూడో షిఫ్టు అయితే తండ్రి పగలు పడుకోవాలి. ఒకటే గది ఉన్న క్వార్టర్‌లో పిల్లలు గట్టిగా చదవడానికి లేదు. ఆ పిల్లలు బడి అయ్యాక గంటసేపు వరండాలో కూర్చుని ఎక్కాలు చెప్పుకుని వెళ్లేవాళ్లు. ఫీజు గడువు కూడా జీతాలు పడ్డాకే ఉండేది. ఇవేవీ ఎక్కడా సర్క్యులర్‌గా రాలేదు. పిల్లల ఇంటి సంగతి తెలుసు కాబట్టి జరిగేవి.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. బడులు తెరిచి కొద్ది రోజులే అయింది. మన పిల్లల్లో చాలామందికి అక్కడ మేనమామలు, చిన్నాయినలు ఉన్నారు. మర్నాడు బల్ల మీద మూడు వార్తలు లేవు. ఒకటే ఉంది. ప్రార్థనలో క్రైస్తవుల పిల్లలు, హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు ఒకే వరుసలో నిలబడ్డారు. మన దగ్గర ఎప్పుడూ అంతే, కాని ఆ రోజు ఎవరికీ నిశ్శబ్దం అని చెప్పాల్సిన పని పడలేదు. క్లాసులోకి వెళ్లాక రెండో తరగతి బాబు ఒకడు నన్ను అడిగాడు: "టీచర్, మా నాయిన బాయిల గూడ నీళ్లుంటయా?"

జవాబు నేను చెప్పలేదు. వాళ్ల నాన్నను శనివారం బడికి పిలిపించాం. మొదటి షిఫ్టు నుంచి నేరుగా వస్తే బడి అయిపోతుందని ఆ రోజు ఆయన మస్టర్ వదులుకుని వచ్చాడు. బాయిలో నీళ్లు ఊరుతూనే ఉంటాయని, మోటార్లు పెట్టి పైకి తోడుతూనే ఉంటారని, నెత్తి మీద దీపం ఎందుకో, నడుముకు కట్టుకునే బ్యాటరీ ఎంత బరువో, భయం వేస్తే ఏం చేస్తారో రెండో తరగతి పిల్లలకు చెప్పాడు. టోపీ అందరి నెత్తికీ పెట్టాడు. నేను అన్నేళ్లలో చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ పాఠం పిల్లలకు ఎక్కువ గుర్తుంది. వాళ్లలో ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, ఇందాక వాళ్లే నాకు గుర్తు చేశారు.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు బాయిలూ ఆగాయి, బడులూ ఆగాయి. ఆ నెల జీతం లేని ఇళ్లకు బడి నుంచి ఫీజు చీటీ వెళ్లకూడదని స్టాఫ్ రూంలో అనుకున్నాం. వెళ్లలేదు. తర్వాత ఆలస్యంగానైనా చాలామంది కట్టారు.

ఇప్పటి సంగతి చెబుతాను. మన చుట్టూ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సింగరేణిలో ఇప్పటికీ బెల్లంపల్లి ఏరియా అని ఉంది, కాని ఆ ఆఫీసు గోలేటిలో ఉంది. మన శాంతిఖని మందమర్రి ఏరియా కింద లెక్క. మనం ఆడుకున్న లైన్లలో ఎన్నో క్వార్టర్లు ఖాళీ. నేను చదివినప్పుడు అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి ఉద్యోగం అన్న గడిలో పై నుంచి కింది దాకా సింగరేణి అనే ఉండేది. ఇప్పుడు ఆటో, తాపీ మేస్త్రీ, టిఫిన్ బండి, కాంట్రాక్టు కార్మికుడు, దుబాయ్ అని ఉంటోంది. వీళ్లకు నెలకోసారి ఒకే రోజు జీతం పడదు. షిఫ్టు అంకె వేస్తే ఇంటి సంగతి తెలిసిపోయే రోజులు పోయాయి. ఒక్కో ఇంటిది ఒక్కో కథ. అడిగితే తప్ప తెలియదు. అడిగే టీచర్లు ఉన్నారు, కాని వాళ్లకు సమయం చాలడం లేదు.

స్వర్ణోత్సవ గుర్తుగా గేటు దగ్గర తోరణం కట్టాలని, దాతల పేర్లు చెక్కించాలని అనుకుంటున్నారు. వద్దని నేననను. ఐతే ఒక పాత సంగతి చెప్పి నా విన్నపం చెప్పుకుంటాను. మన ఫాదర్ల సభ స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 1846లో కేరళలోని మాన్నానంలో సంస్కృత పాఠశాల పెట్టారు. 2014లో పోపు గారు ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. పేద పిల్లలు బడికి రావాలంటే మధ్యాహ్నం అన్నం ఉండాలని, ఇంటింటా అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టమన్నారు. ఆ పిడికిళ్లతోనే పిల్లలకు అన్నం పెట్టారు. ఆ పిడికెళ్ల మీద ఎవరి పేరూ లేదు.

నా విన్నపం ఇదీ. ఏడాదికి పన్నెండు నెలలు. ఒక్కో నెల ఒక్కో బ్యాచ్ తీసుకోవాలి. ఆ నెలలో ఒక శనివారం ఇద్దరో ముగ్గురో వచ్చి ప్రైమరీ క్లాసుల్లో కూర్చోవాలి. ఏమి విశేషం అని అడగాలి. మూడు వార్తలు బల్ల మీద రాయించాలి. వారం రోజులుగా రాని పిల్లలు ఎవరో, ఎందుకు రావడం లేదో టీచర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఫీజు వల్ల బడి మానబోయే పిల్ల ఉంటే, ఆ ఫీజు ఆ బ్యాచ్ కట్టాలి. అది చెవిలో మాటగానే ఉండాలి. ఫొటో వద్దు, గ్రూపులో పెట్టవద్దు, ఆ పిల్లకు కూడా తెలియనక్కర్లేదు.

మన వాట్సాప్ గ్రూపులో రోజూ శుభోదయాలు, పుట్టినరోజు పూలు వస్తాయి. సంతోషమే. ఐతే మన బడిలో ఈ వారం ఏం జరిగిందో ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు. మొన్న నేను వెళ్లి ఒకటో తరగతిలో కూర్చుని అడిగాను. ఒక పిల్లకు పన్ను ఊడింది, ఇంటి కప్పు మీదికి విసిరిందట. ఒక బాబు వాళ్ల నాన్న ఆటోకు కొత్త సీటు వేయించాడు. మూడో వార్త కోసం వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్లాను. చాలాసేపటికి చెప్పింది: "దసరాకు మా నాయిన దుబాయికెల్లి వస్తడంట." బల్ల మీద రాయమంటావా అని అడిగితే తల ఊపింది. రాశాం.

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పన్నెండు గడులున్న కాగితం ఒకటి పెట్టాను. జనవరి గడిలో మా బ్యాచ్ పేరు రాసి వచ్చాను. మిగతా పదకొండూ ఖాళీగా ఉన్నాయి. భోజనాలకు వెళ్లే దారిలోనే ఉంది, దయచేసి ఒకసారి చూడండి.