నీరు లేని శీతలద్రవం: ఒక పూర్వవిద్యార్థి ప్రశ్న

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

ఇట్టి సభలలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చెప్పుట ఆనవాయితీ. ఆ పనిని నాకు ముందు మాట్లాడినవారు చక్కగా నెరవేర్చినారు. కనుక నేను భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా ఒక్క ప్రశ్నను గురించి మాత్రమే ముచ్చటించెదను.

గత వేసవిలో మన పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చినాడు. హోసూరులో మోటారుసైకిళ్ళ మరమ్మతు షెడ్డు నడుపుకొనుచున్నాడు. చేతిలో ఒక డబ్బా ఉన్నది. "టీచరమ్మా, ఇది ఇంజన్ని చల్లగా ఉంచే కూలెంటంట. ఇందులో నీళ్ళే లేవంట. నీళ్ళు లేకుండా చల్లన ఎట్లవుతుంది? ఒకాయన తన బండికి ఇదే పొయ్యమంటాడు. ఇంజను చెడితే నా ఏడాది సంపాదన పోతుంది" అన్నాడు.

మరుగుస్థానము, విశిష్టోష్ణము అను పాఠములను ఎన్నో ఏండ్లు బోధించితిని. రేడియేటరు మాట ఒక్కనాడూ ఎత్తలేదు. చుట్టూ మోటారు కార్ఖానాలు ఉన్న ఊరిలో ఇది ఉపాధ్యాయినికి గర్వకారణము కాదు.

1980లో టీవీఎస్ 50 మోపెడ్ హోసూరు నుండి బయలుదేరినప్పుడు ఈ ప్రశ్నకు తావు లేదు. ఆ ఇంజనును గాలియే చల్లబరచును. నేటికీ మన పొలాల దారులలో తిరుగు ఎక్స్ఎల్ బండ్లకు రేడియేటరు లేదు. కాని 2017 డిసెంబరులో ఇదే ఊరి నుండి వెలువడిన అపాచీ ఆర్ఆర్ 310 వంటి వానిలో సిలిండరు చుట్టూ ద్రవము ప్రవహించి వేడిని రేడియేటరుకు చేరవేయును. సాధారణముగా ఆ ద్రవము సగము నీరు, సగము గ్లైకాల్. నీరు లేని ద్రవములో దాదాపు అంతా గ్లైకాలే, దానితో తుప్పును నివారించు కొన్ని రసాయనములు.

నీటితో చిక్కేమిటి? నా చిన్ననాట డెంకణికోట నుండి అంచెట్టి పోవు కొండదారిలో మేమెక్కిన జీపు ఆవిరి కక్కి నిలిచిపోయినది. మా చిన్నాన్న చేతికి తువ్వాలు చుట్టుకొని రేడియేటరు మూత తిప్పినాడు. మరుగునీరు ఎగసి మోచేతి దాకా కాలినది. ఆ మచ్చ ఆయనకు చివరి వరకు ఉండెను. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులో నీరు 97 డిగ్రీలకే మరుగును. మూసిన రేడియేటరులో ఒత్తిడి పెరుగుట వలన 110 డిగ్రీలు దాటినను మరుగక నిలుచును. మూత తీసిన క్షణమున ఒత్తిడి తొలగి ఒక్కసారిగా ఆవిరియై లేచును. గ్లైకాల్ ద్రవము 180 డిగ్రీలు దాటిన పిదప గాని మరుగదు. కనుక దానిలో ఆవిరి ఒత్తిడి అంతగా పుట్టదు. అయినను వేడి ద్రవము చర్మమును కాల్చక మానదు. వేడి ఇంజను మూతను ఎవరూ తీయరాదు.

రెండవ చిక్కు మన బోరునీరు. మన జిల్లా నీటిలోని ఫ్లోరైడు పిల్లల పళ్ళను ఏమి చేసినదో మీకు తెలియును. 2013లో ప్రారంభమైన హొగెనకల్ తాగునీటి పథకము అందుకొరకే వచ్చినది. అదే నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణములు కాగుచెంబు అడుగున పేరుకొన్నట్లే రేడియేటరు సన్నని గొట్టములలో పేరుకొనును. నీరే లేనిచోట ఆ బెడద లేదు, తుప్పు భయమూ తక్కువ. బురదలో, రాళ్ళలో మెల్లగా పోవు బండికి ఎదురుగాలి తగలదు. నీరు కలిసిన ద్రవము పొంగిపోవునది అక్కడే. ఈ డబ్బా అట్టివారికి నిజముగా ఉపకరించును.

కాని ఉష్ణమును మోయుటలో నీటికి సాటి లేదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.18 జౌళ్ళు కావలెను. గ్లైకాలుకు సుమారు 2.4 చాలును. పైగా అది చిక్కన, పంపుకు శ్రమ ఎక్కువ. కాబట్టి నిత్యము హోసూరు, కృష్ణగిరి నడుమ రహదారిపై తిరుగు బండి దీనితో మరింత చల్లబడదు సరికదా, కొంత వేడిగానే నడువవచ్చును. మరుగకుండుట వేరు, చల్లగా ఉండుట వేరు. అమ్మువారు ఈ భేదమును పెద్ద అక్షరములలో వ్రాయరు!

ఇది నిన్నటి విద్య కూడ కాదు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు తొలి మెర్లిన్ ఇంజన్లలో వాడినది నీరు కలుపని ఇథిలీన్ గ్లైకాలే. తరువాత ఆ ఇంజనీర్లే ఒత్తిడిలో ఉంచిన నీరు, గ్లైకాల్ మిశ్రమమునకు మారినారు, నీటిపాలు 70 శాతము.

దీనిని పోయుటకు ముందు పాత నీటిని పూర్తిగా తీసివేయవలెను. మూడు శాతమును మించి నీరు మిగిలినచో పెట్టిన ఖర్చు వ్యర్థము. అడవిదారిలో రాయి తగిలి రేడియేటరు చిల్లుపడినప్పుడు చేతిలో ఉండునది తాగునీటి సీసా మాత్రమే. ఆ నీరు పోసి ఇల్లు చేరవచ్చును. చేరిన పిదప సమస్తమును పారబోసి మొదటి నుండి చేయవలసినదే.

తల్లులకు ఒక మాట. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండును, విషము. దేహములో ఆక్సాలిక్ ఆమ్లముగా మారి మూత్రపిండములను చెరచును. మామూలు కూలెంటులో సైతము ఉండునది చాలావరకు అదియే. ప్రొపిలీన్ గ్లైకాల్ అంత ప్రమాదకరము కాదు. నీరు లేని ద్రవములలో కొన్నింట ఒకటే, కొన్నింట రెండూ ఉండును. డబ్బాపై చదివి తెలిసికొనవలెను. ఇంట బండి కడిగి తీసిన ద్రవమును పళ్ళెములో వదలకండి. పిల్లలు, కుక్కలు, దూడలు తిరుగు వాకిలి మనది.

ఇవన్నియు విని అతడు డబ్బాపై ఉన్న ఇంగ్లీషును తానే కూడబలుకుకొని చదివినాడు. విశిష్టోష్ణము అనగానే, "ఇనుప గుండు, మైనపు పలక, మీరు చూపించినారు కదమ్మా" అన్నాడు. ఇరువది ఏండ్ల క్రిందటి ప్రయోగమది. పిమ్మట అతడే ఆ బండి యజమానిని అడిగినాడట, వారమంతా ఎక్కడ తిరుగుదువని. ఆఫీసుకు ఒక బండి, ఆదివారము కొండలెక్కుటకు ఒక బండి అని తేలినది. రెండవదానికి మాత్రమే పోసినాడు.

తరువాతి వారము ఆ దారిన పోవుచు షెడ్డు వద్ద ఆగితిని. ఆ బండి రేడియేటరు మూతపై కాగితము అంటించి, "నీళ్ళు పోయరాదు" అని తెలుగులో, తమిళములో, కన్నడములో వ్రాసియున్నాడు. తమిళములో ఒక తప్పు, తెలుగులో రెండు. కలము తీసి మూడింటిని దిద్ది వచ్చితిని.