డిస్కులు పెంచే ముందు కరెంటు లెక్క

షార్జా నుంచి మాట్లాడుతున్నా. "అన్నా, నీ హోమ్ సర్వర్‌కు అన్ని హార్డ్‌డిస్కులు ఎట్ల తగిలించినవ్?" అని చాలామంది వాయిస్ మెసేజ్ పెట్టిండ్రు. ఈసారి అదే చెప్తా, నేను చేసిన తప్పుతో సహా.

మా రూంల ఆరుగురం. అందరి ఫోన్లూ ఫుల్లే. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు దాచుకుందామని ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొని సర్వర్ చేసిన. దానికి సాటా పోర్టులు నాలుగే. పక్క రూం వాళ్లు కూడా అడిగేసరికి డిస్కులు ఎనిమిదైనయ్.

ముందు యూఎస్‌బీ హబ్ పెట్టిన. కాపీ నడుస్తుంటే మధ్యల డిస్కు మాయమయ్యేది. తర్వాత హెచ్‌బీఏ కార్డు తెచ్చిన, పాత ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ. దానికి రెండు సాకెట్లు, ఒక్కోదాని నుంచి నాలుగు సాటా వైర్లు. అంటే ఎనిమిది డిస్కులు. కొనేటప్పుడు 'ఐటీ మోడ్'ల ఉందా అని అడగండి. అప్పుడు కార్డు రెయిడ్ జోలికి పోకుండా డిస్కులను ఉన్నదున్నట్టు చూపిస్తది. ఇవి గాలి గట్టిగా కొట్టే సర్వర్ల కోసం చేసిన కార్డులు. మామూలు డబ్బాల బాగా వేడెక్కుతయ్, పైన చిన్న ఫ్యాన్ పెట్టండి.

పోర్టుల బాధ తీరింది. కానీ ఆన్ చేయంగనే రెండు డిస్కులు టక్ టక్‌మని ఆగిపోయేవి. అందుల ఒకదాంట్ల మా రూమ్మేట్ వాళ్లమ్మ వీడియో ఉంది. ఆమె పోయినప్పుడు ఆయనకు సెలవు దొరకలే. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క వీడియోలనే. ఆ రాత్రి ఆయన మొహం చూడలేకపోయిన.

పవర్ ప్లగ్ ముట్టుకుంటే కాలుతుంది. ఒక్క సాటా పవర్ వైరుకు స్ప్లిట్టర్ పెట్టి నాలుగు డిస్కులు తగిలించిన. పెద్ద డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతది. నాలుగు కలిస్తే 8. ఆ ప్లగ్‌ల 12 వోల్టులకు మూడు పిన్నులు, పిన్నుకు 1.5 చొప్పున తట్టుకునేది 4.5 ఆంపియర్లే! నేను చేసేది ఎలక్ట్రీషియన్ పని. రోజూ బిల్డింగులల్ల లోడు లెక్క చూస్తా. నా డబ్బాకు మాత్రం చూడలే.

స్ప్లిట్టర్లు తీసేసి, పెద్ద పవర్ సప్లై వేసి, దాని సొంత వైర్లకే డిస్కులు పెట్టిన. వేరే పవర్ సప్లై వైర్లు అస్సలు వాడకండి. ప్లగ్ పట్టినా లోపల పిన్నుల వరుస మారితే డిస్కులు కాలిపోతయ్. ఎనిమిదీ లేచినయ్. వీడియో ఉంది. ఆయన విని, ఏం మాట్లాడకుండా బయటికి పోయిండు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎన్ని డిస్కులున్నా డబ్బా ఒక్కటే. అందుకే ఇంకో కాపీ చిన్న డిస్కుల వేసి, ఆయన సెలవు మీద పోతుంటే బ్యాగుల పెట్టి ఇంటికి పంపిన.

మీ లెక్కలు, డౌట్లు వాయిస్ మెసేజ్ పెట్టండి. ఉంటా మరి.